దీపముండగానే

2025 మే 19. ముందు రాత్రి కుండపోతగా కురిసిన వానకు బెంగళూరు దక్షిణాన బీటీఎం లేఅవుట్ దగ్గర ఎన్.ఎస్. పాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నీటితో నిండింది. సాయంత్రం అక్కడ నివసించే 63 ఏళ్ళ పెద్దాయన ఆ నీళ్ళు తోడిపోయడానికి మోటారు తెచ్చి ప్లగ్గు పెట్టారు. షార్ట్ సర్క్యూట్ అయింది. ఆయనా, పక్కనే ఉన్న 12 ఏళ్ళ పిల్లాడూ షాక్ కొట్టి చనిపోయారు. ఆ పిల్లాడు అక్కడ పనిచేసే నేపాలీ కుటుంబం బిడ్డ.

కరెంటు కోతల గురించి రాయబోతూ, కరెంటు ఉన్న చోట జరిగిన చావుతో మొదలుపెట్టింది తెలిసే. ఆ సాయంత్రం ఆ బేస్‌మెంట్‌కు సరఫరా ఆపేసి ఉంటే ఇద్దరూ రాత్రికి ఇంట్లో అన్నం తినేవాళ్ళు. వాన, గాలి, వరద వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ తోచేది ఒకటే: లైటు వెలగాలి, మోటారు తిరగాలి, లిఫ్టు కదలాలి, అదీ ఇప్పుడే. ప్రాణాలు పోయే తప్పులు ఆ తొందరలోనే జరుగుతున్నాయి. దేశంలో కరెంటు షాకుతో చనిపోయేవారి సంఖ్య జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ఏడాదికి పన్నెండు వేలు దాటుతోంది. అందులో పొలంలో మోటారు దగ్గర పోయినవాళ్ళూ ఉన్నారు, నగరంలో మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర పోయినవాళ్ళూ ఉన్నారు.

బెంగళూరుకు కరెంటు కొత్త కాదు. 1902లో శివనసముద్ర జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు మొదట కోలారు బంగారు గనులకు వెళ్ళింది. 1905లో నగరానికి వచ్చింది. దేశంలో చాలా పట్టణాలు కిరసనాయిలు దీపాలతో సరిపెట్టుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ వీధి దీపాలు వెలిగాయి. ఆ గొప్ప ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అయితే నూట ఇరవై ఏళ్ళు గడిచినా ఏప్రిల్, మే నెలల్లో ఒక్క గాలివాన వస్తే సగం పేటలు చీకటైపోతున్నాయి. నగరానికి పేరు తెచ్చిన చెట్లే తీగల మీద పడతాయి. 2024 జూన్ 2న ఒక్క రోజులో 111.1 మిల్లీమీటర్ల వాన పడింది. జూన్ నెలలో ఒకరోజు వానకు 1891 నుంచి ఉన్న రికార్డు ఆ రోజుతో చెరిగిపోయింది. వందల చెట్లు కూలాయి, వాటితోపాటు స్తంభాలూ ఒరిగాయి. 11 కేవీ తీగలను భూమిలోకి దింపే పని నగర విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం చాలాచోట్ల చేపట్టింది. అది మంచి పనే. కానీ మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పైతీగ అయినా ఒకటే, భూగర్భ కేబులయినా ఒకటే.

ఇది చిన్న చీకటి. పెద్ద చీకటి కూడా ఉంది, దాని సంగతి మనవాళ్ళకు అంతగా పట్టలేదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి అరవై కోట్లమందికి పైగా కరెంటు లేకుండా ఉన్నప్పుడు దక్షిణాది ఇళ్ళలో ఫ్యాన్లు మామూలుగానే తిరిగాయి. మన గ్రిడ్ గొప్పదై కాదు, అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో జతపడి లేదు, అంతే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కేవీ లైనుతో ఆ జత కుదిరింది. దాంతో కరువు ఏడాది కూడా బయటి నుంచి కరెంటు తెచ్చుకునే వీలు పెరిగింది. అదే తీగ మీద కష్టం కూడా ప్రయాణించగలదు. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలు రెండూ దాదాపు పూర్తిగా చీకటిలో మునిగాయి. రైళ్ళు పట్టాల మీదే ఆగాయి, ఫోన్లు మూగబోయాయి. మనకన్నా సంపన్న దేశాలవి. చాలాచోట్ల కరెంటు రావడానికి రాత్రయింది.

మళ్ళీ బెంగళూరుకు వస్తే, మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉంటారు. ఫ్లాటు కొనేటప్పుడు బ్రోచరులో మొదట చూసే మాట ‘వంద శాతం పవర్ బ్యాకప్’. ఆ మాట మనలో ఒక నిద్రను పెంచింది. కరెంటు పోతుంది, పది సెకన్లలో కింద జనరేటరు మోగుతుంది, టీవీ మళ్ళీ వస్తుంది. పిల్లలకు కరెంటు పోవడమంటే ఏమిటో తెలియదు. ఇంట్లో టార్చి ఎక్కడుందని అడిగితే ఫోను చూపిస్తారు. ఆ ఫోనులో పదకొండు శాతం ఛార్జి ఉంటుంది.

2022 సెప్టెంబరు మొదటి వారంలో ఆ నిద్ర చెదిరింది. సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఖరీదైన లేఅవుట్లలోకి చెరువుల నీళ్ళు వచ్చాయి. కోట్లు పెట్టి కొన్న ఇళ్ళలోంచి జనం ట్రాక్టర్ల మీద బయటికి వచ్చిన బొమ్మలు దేశమంతా చూసింది. జనరేటర్లూ, ఎలక్ట్రికల్ ప్యానెళ్ళూ నీళ్ళు చేరే చోటే ఉన్న భవనాల్లో వంద శాతం బ్యాకప్ మొట్టమొదట మునిగింది. అంత భారీ యంత్రాన్ని పైన పెట్టడం కష్టం, అద్దెకు రాని జాగా బేస్‌మెంటే, కాబట్టి బిల్డరు అక్కడే పెడతాడు. కొనేవాడు వెళ్ళి చూడడు. మీ జనరేటరు ఏ అంతస్తులో ఉంది? రెండు రోజులు వాన పడితే అక్కడ ఎంత లోతు నీళ్ళు నిలుస్తాయి? అసోసియేషన్ మీటింగులో పార్కింగు తగాదాకు పెట్టే గంటలో పది నిమిషాలు ఈ ప్రశ్నకు పెట్టవచ్చు.

కరెంటు పోతే నీళ్ళూ పోతాయన్నది ఇక్కడ మరీ ఎక్కువగా వర్తిస్తుంది. ఈ ఊరికి కావేరి దానంతటది పారి రాదు. తొరెకాడనహళ్ళి నుంచి మూడు అంచెల్లో పంపులు తోస్తే, సుమారు నూరు కిలోమీటర్లు దాటి, దాదాపు 500 మీటర్ల ఎత్తెక్కి వస్తుంది. ఆ 2022 వరదలోనే తొరెకాడనహళ్ళి పంపింగు కేంద్రంలోకి నీళ్ళు చేరి నగరంలో కుళాయిలు ఎండిపోయాయి. వీధుల్లో నడుములోతు నీళ్ళు, ఇంట్లో తాగడానికి చుక్క లేదు. పంపు ఆగితే సంపులో ఉన్నదే దిక్కు. సంపులోది పైట్యాంకుకు ఎక్కాలన్నా మోటారు కావాలి. కాబట్టి ఆకాశం మబ్బు పట్టగానే ఫోను ఛార్జింగు పెట్టేకన్నా ముందు చేయవలసిన పని, బిందెలూ బకెట్లూ నింపడం. మన అమ్మమ్మలు రోజూ చేసిన పనే. వాళ్ళది చాదస్తం అనుకున్నాం.

ఇక ఇన్వర్టరు. దీన్ని కొంచెం దగ్గరికి వెళ్ళి చూడాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్ళలో ఉన్న ఏకైక ఏర్పాటు ఇదే, ఎవరూ చూడనిదీ ఇదే. యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన, పాత పేపర్ల కట్ట కింద, చీపురు ఆనించి ఉంటుంది. పేపర్లు తీయండి. బ్యాటరీ మీద ఆరు చిన్న మూతలుంటాయి, ఒక్కోదాంట్లో నీటి మట్టం చూపే తేలుడు పుల్ల ఉంటుంది. ఆ పుల్ల కిందికి దిగిపోయి ఉంటే లోపల పలకలు ఎండుతున్నట్టు. పోయవలసింది డిస్టిల్డ్ వాటరే. ఆదివారం దుకాణం మూసి ఉందని బోరు నీళ్ళు పోసేవాళ్ళున్నారు, ఈ ఊరి బోరు నీళ్ళలోని ఉప్పుకు ఆ బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. తీగలు బిగించిన చోట తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుని ఉంటే అక్కడ పట్టు వదులైందని అర్థం, వేడెక్కి మంట పుట్టేది అక్కడే. దాన్ని మెకానిక్ చేతే శుభ్రం చేయించాలి, లోపల ఉన్నది ఆమ్లం. ఛార్జి అయ్యేటప్పుడు ఈ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. జాగా లేదని దాన్ని దేవుడి అలమర కిందో, బట్టల బీరువాలోనో దాచినవాళ్ళు పైన దీపం వెలిగించేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అది ఎంతసేపు వస్తుంది? దుకాణంవాడు చెప్పిన మాట పక్కన పెట్టి లెక్క వేసుకుందాం. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 1,200 చేతికందితే సంతోషించాలి. పాతరకం ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, వైఫై డబ్బా కలిపితే 200 వాట్ల దగ్గర. ఆరు గంటలు. బ్యాటరీకి నాలుగేళ్ళు నిండితే సగం వచ్చినా గొప్పే. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ కాన్సంట్రేటరు పెట్టవలసి వస్తే, అయిదు లీటర్ల యంత్రం ఒక్కటే దాదాపు 350 వాట్లు తాగుతుంది. ఫ్యాన్లన్నీ ఆపేసినా మూడున్నర గంటలు దాటదు. అటువంటి ఇంటికి ఇన్వర్టరు చాలదు. నిండుగా ఉన్న సిలిండరు ఒకటి, దాన్ని తిప్పడం తెలిసిన మనిషి ఒకరు ఉండి తీరాలి.

ఈ లెక్కను నమ్మవద్దు, పరీక్షించండి. ఒక ఆదివారం పగటిపూట, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు, మెయిన్ స్విచ్ దించి గడియారం చూసుకోండి. ఏ గదిలో వెలుగుంది, ఏ ప్లగ్గులో లేదు, బ్యాటరీ ఎన్ని గంటలకు కీచుమంది, మధ్యలో ఎవరు ఎంత విసుక్కున్నారు, అన్నీ తెలుస్తాయి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నది నూనె దీపాల కాలపు మాటే అయినా ఇంతకన్నా సూటిగా వర్తించే చోటు దొరకదు.

ఆ పరీక్షలోనే ఇంకో సంగతి బయటపడుతుంది, అది పిల్లలకు కూడా నేర్పాలి. మెయిన్ దించినా ఇన్వర్టరు తీగలు చావవు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ తీగల్లో ఉన్నది అదే 230 వోల్టులు. గ్రౌండ్ ఫ్లోర్‌లో నీళ్ళు వచ్చాయని మెయిన్ ఆపి, ఇక భయం లేదనుకుని తడి గోడ మీద చెయ్యి పెట్టినవాడికి ఇన్వర్టరు గుర్తుండదు. నీళ్ళు గడప దాటకముందే, కాళ్ళు పొడిగా ఉన్నప్పుడే, రెండూ ఆపాలి. మీటరు బోర్డు దాకా నీళ్ళలో నడవవలసి వస్తే అటు వెళ్ళవద్దు. బెస్కాం నంబరు 1912కు ఫోను చేసి బయటి నుంచే సరఫరా ఆపించాలి. లీకేజీ కరెంటును పసిగట్టి రెప్పపాటులో తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీ బోర్డులో ఉందో లేదో కూడా ఆ ఆదివారమే చూడండి. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న మీట ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది బోర్డు మీద అలంకారం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఓనరుని అడిగి పెట్టించాలి, ఆయన పెట్టించకపోతే సొంత డబ్బుతో పెట్టించుకున్నా నష్టం లేదు.

చిన్న జనరేటర్లు వాడే ఇళ్ళకూ దుకాణాలకూ ఇంకా గట్టిగా చెప్పాలి. స్పెయిన్ చీకటి రోజున గలీసియా ప్రాంతంలోని తబోఅదెలా అనే చిన్న ఊళ్ళో ఒక వృద్ధ దంపతులూ వాళ్ళ కొడుకూ ఇంట్లో శవాలై కనిపించారు. శ్వాస యంత్రం నడవడానికి పెట్టుకున్న జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాళ్ళను చంపింది. ఊపిరి కోసం పెట్టుకున్నదే ఊపిరి తీసింది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత, అంతే. చప్పుడని పక్కింటివాళ్ళు గొడవ చేశారనో, వాన తగులుతుందనో, దొంగలు పట్టుకుపోతారనో జనరేటరును లోపలికి జరిపి తలుపు వేసేవాళ్ళు ఆ మూడు ప్రాణాలను తలుచుకోవాలి. గ్యారేజీ, మెట్ల కింద, కిటికీ పక్కన, ఏదీ పనికిరాదు. బొగ్గుల కుంపటి సంగతీ అంతే.

ఇంకో పాడు అలవాటుంది. రెండు వైపులా పిన్నులున్న తీగ తయారుచేసి జనరేటరు కరెంటును ఇంటి ప్లగ్గులోకే ఎక్కించడం. జనరేటరునూ వీధి లైనునూ కలవకుండా వేరుచేసే ఛేంజోవర్ స్విచ్ ఖర్చు మిగిలిందని సంబరం. మెయిన్ ఆపడం మరచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి వేల వోల్టులవుతుంది. అక్కడ స్తంభం మీద, లైను చచ్చిందన్న నమ్మకంతో, ఒక మనిషి పనిచేస్తుంటాడు. మనవైపు లైన్‌మన్ అంటాం, ఇక్కడ పవర్‌మ్యాన్ అంటారు. మన ఇంటికి వెలుగు తేవడానికి ఎక్కినవాణ్ణి మన ఇంటి నుంచే చంపడం అది. మేడమీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్ళు చాలామంది కరెంటు పోయినప్పుడు ఎండ మండిపోతున్నా తమ ఇంట్లో ఎందుకు లేదని ఆశ్చర్యపోతారు. కారణం ఇదే. గ్రిడ్‌తో జతచేసిన సోలార్ ఇన్వర్టరు, లైను చావగానే తానూ ఆగిపోయేలా చేసి ఉంటుంది, పవర్‌మ్యాన్ ప్రాణం కోసం. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కాకపోతే మీ పలకలు చీకటిలో అక్కరకు రావు. సబ్సిడీ గురించి చెప్పేవాడు ఈ ముక్క చెప్పడు.

పీజీల్లో ఉండే పిల్లల గురించి వాళ్ళ అమ్మానాన్నలు ఇళ్ళ దగ్గర నుంచి ఒక్కసారి అడగాలి. ఒక గదిని ప్లైవుడ్‌తో రెండు చేసి, రెండు గదుల్లో ఆరు మంచాలు వేసి, ఒకే మెట్ల దారి ఉన్న నాలుగంతస్తుల భవనాలు ఇక్కడ వీధికి పది. అక్కడ కొవ్వొత్తి వెలిగించి పరుపు పక్కన పెట్టి నిద్రపోవడం అగ్గితో చెలగాటం. నూటయాభై రూపాయల ఛార్జింగు లైటు ఆ పని చేస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీని గదిలోకి తెచ్చి రాత్రంతా ఛార్జింగు పెట్టేవాళ్ళు విజయవాడను మరచిపోకూడదు. 2022 ఏప్రిల్‌లో అక్కడ పడకగదిలో ఛార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. కరెంటు పోయిన సమయంలో స్విచ్ ఆన్‌లోనే మరచిన ఇస్త్రీపెట్టె సంగతి కూడా చెప్పుకోవాలి. తాళం వేసి ఆఫీసుకు వెళ్ళిపోతారు, పదకొండు గంటలకు కరెంటు వస్తుంది. పోయినప్పుడు ఏవి నడుస్తున్నాయో అవన్నీ ఆపి, ఒక్క లైటు మాత్రం వచ్చినట్టు తెలియడానికి వదిలేయడం మంచిది. వచ్చిన మొదటి నిమిషాల్లో వోల్టేజీ ఎగసిపడినా ఫ్రిజ్జూ ఏసీ కూడా దక్కుతాయి.

ఇదంతా ఇంటివాళ్ళ మీదే వేసి విద్యుత్ సంస్థను వదిలేయడం అన్యాయమవుతుంది. 2023 నవంబరు 19 తెల్లవారుజామున వైట్‌ఫీల్డ్ వైపు హోప్ ఫామ్ జంక్షన్ దగ్గర ఫుట్‌పాత్ మీద తెగిపడిన తీగ తొక్కి 23 ఏళ్ళ తల్లి, ఆమె చంకలోని తొమ్మిది నెలల పాప చనిపోయారు. అధికారులను సస్పెండ్ చేశారు. ఆ తల్లి ఏ ముందుజాగ్రత్త తీసుకుని ఉంటే బతికేది? ఏదీ లేదు. తెగిన తీగకు సరఫరా దానంతటదే ఆగిపోవాలి, ఆగలేదు. కొమ్మలు కొట్టే పని మే నెల గాలివానకు ముందే ముగియాలి, తలుపుల్లేని ఫీడర్ పెట్టెలకు తలుపులు రావాలి, 1912 గాలివాన రాత్రి కూడా పలకాలి. మనవైపు 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు లేక, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన జనానికి తెలుసు, ప్రభుత్వం వచ్చేదాకా మొదటి మూడు రోజులు ఎవరి ఇల్లు వాళ్ళదేనని. చేతిలో నోట్లున్నవాడికి పాలు దొరికాయి. ఏటీఎం మీద ఆధారపడినవాడు అడుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు ఏటీఎంకు కూడా వెళ్ళడం లేదు మనం, అంతా ఫోనే.

చివరిగా, పధ్నాలుగో అంతస్తులో పగలంతా ఒంటరిగా ఉండే అమ్మ. అనంతపురం నుంచో, గుంటూరు నుంచో మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి ఉంటుంది. కన్నడం రాదు, హిందీ అంతంతమాత్రం. కొడుకూ కోడలూ ఆఫీసులో ఉన్నారు. కరెంటు పోయింది, ఇంటర్‌కం పలకదు, కొడుకు ఫోను కలవదు. ఆమెకు మూడు సంగతులు ముందే చెప్పి ఉంచాలి. లిఫ్టులో ఇరుక్కుంటే తలుపులు లాగకూడదు, సగంలో ఆగిన లిఫ్టులోంచి దూకకూడదు. గంట నొక్కి నేల మీద కూర్చోవాలి, గాలి ఆడుతూనే ఉంటుంది. ఫ్రిజ్జు తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది కాబట్టి మాటిమాటికీ తీసి చూడవద్దు. వాడుతున్న ఇన్సులిన్ సీసా కొన్ని గంటలు బయట ఉన్నంత మాత్రాన పాడవదు, ఎండ తగలకుండా తడిబట్ట చుట్టిన మట్టికుండలో పెడితే చాలు, కంగారుపడి పారేయనక్కర్లేదు.

ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తలుపు లోపలివైపు అంటించాలి. బెస్కాం 1912, అత్యవసరం 112, బిల్లు మీది అకౌంట్ ఐడీ, సెక్యూరిటీ గది నంబరు, అదే అంతస్తులో తెలుగు తెలిసినవాళ్ళ ఇంటి నంబరు. దాని కింద మూడు కన్నడ వాక్యాలు, మన లిపిలోనే, ఆమె చదువుకోగలిగేలా: ‘కరెంట్ హోగిదె’, ‘లిఫ్ట్‌నల్లి సిక్కిహాకికొండిద్దేనె’, ‘వైర్ బిద్దిదె, ముట్టబేడి’. కాగితం పక్కన మేకుకు ఒక టార్చి వేలాడదీయాలి, చీకట్లో చెయ్యి చాచితే అందే ఎత్తులో, ఆమె చేతికి.